సభాకంపం తర్వాత ఇయాన్ హోల్మ్ నట జీవితం ఎలా సాగింది?

ప్రశ్న (నల్లగొండ):
మా నాటక సమాజంలో ఎన్నో ఏళ్ళుగా తండ్రి, కరణం వంటి పాత్రలు వేస్తున్న ఒక పెద్దాయనకు ఈ మధ్య సభాకంపం పట్టుకుంది. రిహార్సల్సులో పొల్లుపోకుండా చెప్పే సంభాషణ తెర లేచేసరికి గొంతులోనే ఆగిపోతున్నది. ఆంగ్ల నటుడు ఇయాన్ హోల్మ్‌కూ నడివయసులో ఇలాగే జరిగిందని విన్నాను. వేదికకు భయపడిన మనిషికి సినిమా ఎలా అచ్చివచ్చిందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (మహబూబ్‌నగర్):
సార్, ఆయన 1954లో స్ట్రాట్‌ఫర్డ్‌లో ఈటె పట్టుకొని నిలబడే వేషాలతో మొదలుపెట్టి, పదేళ్ళు తిరిగేసరికి రాయల్ షేక్స్‌పియర్ కంపెనీలో మూడవ రిచర్డ్ రాజు పాత్ర వేశారు. హెరాల్డ్ పింటర్ నాటకం ‘ది హోమ్‌కమింగ్’లో లెనీ పాత్రకు 1967లో అమెరికా నాటకరంగ పురస్కారమైన టోనీ అవార్డు అందుకున్నారు. అంతటి నటుడు 1976లో ‘ది ఐస్‌మన్ కమెత్’ తొలి ప్రదర్శనలప్పుడే భయం కమ్మేసి ఆ నాటకం నుంచి తప్పుకున్నారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు రంగస్థలానికి దాదాపు దూరంగానే ఉన్నారు.
‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ (1981) సినిమాలో ఆయన పరుగుల శిక్షకుడు శామ్ ముస్సబిని. స్టేడియంలోకి వెళ్ళే వీలులేక హోటల్ గదిలో ఒంటరిగా కూర్చున్న ఆ మనిషి, కిటికీలోంచి తన దేశపు జెండా పైకి లేవడం చూసి, శిష్యుడు గెలిచాడని గ్రహించి, చేతిలోని గడ్డి టోపీని పిడికిలితో చీల్చేస్తాడు. సంభాషణ దాదాపు లేని ఆ ఘట్టాన్ని మీ పెద్దాయనకు తప్పక చూపించండి. ఆ పాత్రకు బ్రిటిష్ సినిమా పురస్కారమైన బాఫ్టా వచ్చింది, ఆస్కార్ నామినేషన్ కూడా దక్కింది.

జవాబు (మిర్యాలగూడ):
పై మిత్రులు రాసినది నిజమే కానీ, భయమే ఆయనను సినిమా నటుణ్ణి చేసిందనుకోవడం సరికాదని నా అభిప్రాయం. 1968 నాటి ‘ది బోఫర్స్ గన్’ చిత్రానికే ఆయనకు బాఫ్టా వచ్చింది; కెమెరా ముందు ఎంత తగ్గించి నటించాలో అప్పటికే తెలుసు. ప్రేక్షకులు ఎదురుగా లేని రేడియోలోనూ, 1981లో బీబీసీ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో కథానాయకుడు ఫ్రోడోగా గొంతు వినిపించారు. అదే కథ సినిమాగా వచ్చినప్పుడు వేసిన బిల్బో (ఫ్రోడో పెద్ద బంధువు) వేషం ఇరవై ఏళ్ళ తర్వాతి మాట.
మీకు పనికివచ్చే సంగతి ఆయన తిరిగి వచ్చిన తీరులో ఉంది. 1993లో పింటర్ కొత్త నాటకం ‘మూన్‌లైట్’తో ఆల్మీడా అనే చిన్న థియేటర్లో వేదికెక్కారు. 1997లో లియర్ రాజును వేసింది కూడా నేషనల్ థియేటర్‌లోని అతి చిన్న రంగశాలలోనే. ఆ పాత్రకు లండన్ నాటకరంగ పురస్కారమైన ఒలివియే అవార్డు గెలుచుకున్నారు. మీ పెద్దాయనను వెంటనే పరిషత్తు పోటీలకు తీసుకువెళ్ళకండి.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందుగా మా రిహార్సల్ గదిలోనే, తెలిసిన కొద్దిమంది ఎదుట, ఆయనకు ఒక చిన్న పాత్ర ఇస్తాము.