.44 మ్యాగ్నమ్‌కి సీసం గుండా, రాగి తొడుగు గుండా?

హన్మకొండ అల్లుడు:
నేనుండేది డల్లాస్‌లో, సెలవుకి ఇంటికొచ్చాను. అక్కడ .44 మ్యాగ్నమ్ రివాల్వర్‌కి తూటాలు నేనే నింపుకుంటా. ఈసారి 240 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) గట్టి సీసం గుండ్లు 500 కొన్నా. 50 కాల్చేసరికి బ్యారెల్ నిండా సీసం అంటుకుని లోపలి గాళ్లే కనబడలేదు, రాత్రంతా బ్రష్‌తో గీకుడే. ఇక రాగి తొడుగువే కొంటా. ఏమంటారు?

ఓరుగల్లు కోట:
కొనేయండి. మ్యాగ్నమ్ వేగానికి సీసం మెత్తన, అంతే.

కాజీపేట షెడ్డు:
అంతే కాదు తమ్మీ. నేను తుపాకీ పట్టినోణ్ణి కాదు గానీ లోకో షెడ్డులో బేరింగులకు వైట్ మెటల్ (యాంటిమొనీ కలిసిన మెత్తటి మిశ్రమలోహం) పోసిన చేతులివి. యాంటిమొనీ కలిస్తే సీసం గట్టిపడుతుంది, సరే, కానీ గట్టి గుండు సైజు తక్కువైతే ఒత్తిడికి ఉబ్బి తనకీ బ్యారెల్‌కీ మధ్య సందు మూయలేదు. ఆ సందులోంచి వేడి గ్యాస్ దూసుకుపోయి గుండు అంచుల్ని కరిగిస్తుంది, కరిగింది పోయి బ్యారెల్‌కి పూత పడుతుంది. ఖాళీ సిలిండర్ విడిగా తీసి ఒక్కో గదిలో గుండు వేసి, ఆగుతుందో జారిపోతుందో చూడు.

ఓరుగల్లు కోట:
రాగి తొడుగు గుండు అడ్డకొలత 0.429 అంగుళమే కదా కాకా, మరి దానికి అంటుకోదేం?

కాజీపేట షెడ్డు:
రాగి అంత తేలిగ్గా కరుగుతుందా? అయితే దానికి రాపిడి ఎక్కువ, తుపాకీ మందు మరీ తగ్గిస్తే గుండు బ్యారెల్ మధ్యలో ఆగిపోతుంది. ఆ సంగతి చూసుకోకుండా వెనకే ఇంకోటి కాల్చావో, బ్యారెల్ పగులుతుంది.

హన్మకొండ అల్లుడు:
డల్లాస్‌లో ఉన్న తమ్ముడితో వీడియో కాల్‌లో చేయించా. డబ్బా మీద 0.429 అనే ఉంది. ఆరు గదుల్లోనూ గుండు ఎక్కడా ఆగకుండా జారి వాడి అరచేతిలో పడింది!

కాజీపేట షెడ్డు:
దొరికింది కదా. 0.430, 0.431, 0.432 తలా పది తెప్పించు, వేలితో కాస్త నొక్కితే దిగేది నీది. గుండు మారితే మందు లెక్క కూడా మాన్యువల్ చూసి మొదటి నుంచి వేసుకోవాలి.

ఓరుగల్లు కోట:
తూటా గొట్టం అంచు గుండు మీదికి నొక్కడం మర్చిపోకండి, లేకుంటే, ఈ రివాల్వర్ తన్నుడుకి మిగతా తూటాల్లో గుండ్లు ముందుకు జరిగి సిలిండర్ తిరగదు. సైజు సంగతి కాకాదే రైటు, ఒప్పుకుంటున్నా. ఇంతకీ ఇవి మన దగ్గర నింపుకోవచ్చా?

హన్మకొండ అల్లుడు:
ఆ ముచ్చటే వద్దు, లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద కేసు. కాకా, మిగిలిన 450 ఏం చేయను?

కాజీపేట షెడ్డు:
కరిగించి పెద్ద అచ్చులో పోసుకో. వంటింట్లో మాత్రం కాదు.