ఎల్మ్ మొద్దులు చీలడం లేదు, ఎవరైనా దారి చెప్పండి

మేం ఉండేది మిచిగన్‌లో. పెరట్లో తెగులొచ్చి ఎండిపోయిన ఎల్మ్ చెట్టును పోయిన వసంతంలో కొట్టించి, చలికాలం ఇల్లు వెచ్చబెట్టే కట్టెల స్టవ్‌లోకి పనికొస్తుందని మొద్దులన్నీ ఉంచుకున్నాం. తీరా చూస్తే గొడ్డలి దిగుతుంది గానీ మొద్దు చీలదు, కష్టపడి చీల్చినా లోపల పీచు అల్లుకుపోయి రెండు ముక్కలూ ఒకదాన్నొకటి వదలవు, దాన్ని మళ్లీ గొడ్డలితో తెంపాల్సిందే. ఓక్‌తో ఈ బాధ ఎప్పుడూ లేదు.

మధ్యలో కాకుండా అంచుల నుంచి పలకల్లా చీల్చుకుంటూ రావాలా? బాగా గడ్డకట్టే చలిలో కొడితే సులువా? హైడ్రాలిక్ స్ప్లిటర్ (మొద్దుల్ని ఒత్తి చీల్చే మెషీన్) అద్దెకు తెస్తే ఎన్ని టన్నుల ఒత్తిడిది కావాలి?

ఇంకోటి, అప్పుడే చీల్చిన ముఖం మీద మీటర్ పెడితే తేమ 30 శాతం చూపిస్తోంది. 20 లోపు దిగకుండా కాలిస్తే పొగగొట్టంలో క్రియోసోట్ (పొగ నుంచి పేరుకునే తారులాంటి మసి) పేరుకుని దానికి నిప్పంటుకుంటుందని భయం, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, అందుకే ఇంత టెన్షన్. ఈ ఏడాదికి వదిలేసి వచ్చే చలికాలానికి ఆరబెట్టడమే మంచిదా? బెరడు కింద పురుగులు పక్కవాళ్ల ఎల్మ్ చెట్లకు తెగులు మోస్తాయి కాబట్టి, పేర్చే ముందు బెరడంతా ఒలిచేయాలా? ఎల్మ్ కాల్చిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.