రిక్వెస్ట్ మొత్తం వచ్చేసిందని సర్వర్‌కి ఎలా తెలుస్తుంది?

రాత్రికోడర్:
ఫ్రేమ్‌వర్క్ ఏదీ లేకుండా పైథాన్‌లో చిన్న హెచ్‌టీటీపీ సర్వర్ రాస్తున్నాను. కనెక్షన్ నుంచి బైట్లు చదివే రిసీవ్ ఫంక్షన్ ఖాళీ ఇచ్చేదాకా లూప్‌లో చదివితే అక్కడే ఆగిపోతోంది. అందుకని 1024 బైట్లు అడిగి, అంతకంటే తక్కువ వస్తే రిక్వెస్ట్ అయిపోయినట్టే అనుకున్నాను. ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది. ఫోన్ నుంచి వైఫైలో పంపితే ఒక్కోసారి సగమే వస్తోంది. ముగింపు ఎలా పట్టుకోవాలి?

పాతబఫర్:
రిక్వెస్ట్ అంటే ఏమిటో, హెచ్‌టీటీపీ కింద డేటా మోసే టీసీపీకి తెలియదు తమ్ముడూ. దానికి తెలిసింది వరసగా బైట్లు మోయడమే. అటువాళ్లు ఒకేసారి పంపింది నీకు మూడు ముక్కలుగా రావచ్చు, మూడుసార్లు పంపింది ఒకే ముక్కగా రావచ్చు. ముక్క సైజును బట్టి ఏదీ తేల్చకు. ఖాళీ వచ్చిందంటే అటువైపు పంపడం ఆపేసిందని. బ్రౌజర్ కనెక్షన్ తెరిచి ఉంచి నీ జవాబు కోసం చూస్తుంది, నువ్వేమో అది మూసేదాకా చూస్తావు. ఇక తెల్లారినట్టే.

వచ్చిందంతా బఫర్‌లో చేర్చుకుంటూ పో. 13, 10, 13, 10 అనే బైట్లు (అంటే లైను ముగింపు, వెంటనే ఒక ఖాళీ లైను) వరసగా కనబడితే హెడర్లు, అంటే రిక్వెస్ట్ వివరాలు చెప్పే ముందు లైన్లు, అయిపోయాయి. కొత్త ముక్కలో మాత్రమే వెతకకు, ఆ నాలుగూ రెండు ముక్కల మధ్య విరగొచ్చు. తర్వాత వచ్చేది బాడీ, అంటే అసలు డేటా. హెడర్లలో కంటెంట్-లెంగ్త్ ఉంటే సరిగ్గా అన్ని బైట్లు. ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్ చంక్డ్ అని ఉంటే బాడీ చంక్‌లుగా, అంటే ముక్కలుగా వస్తుంది, ప్రతి చంక్ ముందూ దాని సైజు హెక్సాలో వస్తుంది. సున్నా సైజు చంక్, దాని వెనక ఖాళీ లైను వచ్చేదాకా చదవాలి. రెండూ లేకపోతే బాడీ లేనట్టే. హెచ్‌టీటీపీ/1.1 నియమాలున్న ఆర్‌ఎఫ్‌సీ 9112, 6వ సెక్షన్ చదువు. మిగిలిన బైట్లు పారేయకు, అవి తర్వాతి రిక్వెస్టువి.

రాత్రికోడర్:
పని చేస్తోంది అన్నా! కానీ బాడీలో "తెలుగు" అని పంపితే మళ్లీ హ్యాంగ్. హెడర్‌లో 18 అని ఉంది, నాకు 6 వస్తోంది.

పాతబఫర్:
డీకోడ్ చేశాక లెక్కపెడుతున్నావు. ఆ మాటలో కోడ్‌పాయింట్లు (అక్షరాలు, గుణింతపు గుర్తులు విడివిడిగా) 6, యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు. ఎప్పుడూ బైట్లే లెక్కపెట్టు, బాడీ మొత్తం చేతికొచ్చాకే డీకోడ్ చెయ్యి. ముందే చేస్తే అక్షరం మధ్యలో తెగి ఎర్రర్ వస్తుంది, అదీ ఎప్పుడో ఒకసారి. ఉత్త ఇంగ్లిష్‌తో టెస్ట్ చేసేవాళ్లకి ఈ బగ్ జన్మలో కనబడదు.

గడపకాపలా:
కంటెంట్-లెంగ్త్, ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్ రెండు హెడర్లూ కలిసి వస్తే 400 (తప్పు రిక్వెస్ట్ అనే కోడ్) ఇచ్చి కనెక్షన్ మూసెయ్యండి. ముందున్న ప్రాక్సీ ఒకదాన్ని, మీ సర్వర్ ఇంకోదాన్ని నమ్మితే రిక్వెస్ట్ స్మగ్లింగ్‌కి, అంటే ఒక రిక్వెస్ట్‌లో ఇంకోటి దాచి పంపే దాడికి, దారి ఇచ్చినట్టే. టైమౌట్ కూడా పెట్టండి. ఒక్కో బైటూ నింపాదిగా పంపుతూ మీ థ్రెడ్లన్నీ పట్టుకుని కూర్చునేవాళ్లుంటారు. హెడర్ల సైజుకీ హద్దు ఉండాలి, దాటితే 431 (హెడర్లు మరీ పెద్దవి అనే కోడ్) ఇవ్వండి.