బిల్ బ్రాడ్లీ: కాలేజీలో సగటు 30, ఎన్‌బీఏలో 12. ఎందుకలా?

గోదారిగట్టు:
బాస్కెట్‌బాల్ ఆటగాడు బ్రాడ్లీకి ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ జట్టులో 83 ఆటల్లో 2,503 పాయింట్లు. తర్వాత ఎన్‌బీఏలో (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) న్యూయార్క్ నిక్స్ జట్టుకి పదేళ్లాడితే ఆటకి సగటు 12.4 పాయింట్లే. ఆట పడిపోయిందా, వాడుకోవడం తెలియలేదా?

రిమ్‌కింద:
పడిపోలేదండీ, పని మారింది. ప్రిన్స్‌టన్‌లో బంతి ఎప్పుడూ ఆయన చేతిలోనే. 1964 డిసెంబరులో మిషిగన్ యూనివర్సిటీ మీద చూడండి: 41 పాయింట్లు కొట్టి, ఇంకా నాలుగున్నర నిమిషాలుండగా ఐదో ఫౌల్‌తో (ఐదైతే ఇక ఆడనివ్వరు) బయటికెళ్లాడు. అప్పటికి ప్రిన్స్‌టన్‌కి 12 పాయింట్ల ఆధిక్యం. చివరికి 80-78తో మిషిగనే గెలిచింది. ఆయన లేకపోతే జట్టు అంతే.
నిక్స్‌లో మొదట గార్డ్‌గా (బంతి నడిపించే, వేగం కావాల్సిన స్థానం) పెట్టారు. అది తప్పు. 6 అడుగుల 5 అంగుళాల మనిషి, కాళ్లలో వేగం తక్కువ, చురుకైన గార్డ్‌లు పక్కనుంచి జారిపోయేవాళ్లు. 1969 జనవరిలో నిక్స్‌లోనే ఆడే కాజీ రసెల్ చీలమండ విరిగింది (ఆ మిషిగన్ జట్టులో ఆడిన రసెలే!), అతని ఫార్వర్డ్ స్థానం (బుట్టకి దగ్గరగా, పక్కల ఆడేది) ఈయనకొచ్చింది. ఇక పనేంటంటే బంతి లేకుండా ఆగకుండా పరిగెత్తడం, స్క్రీన్ (ప్రత్యర్థికి అడ్డంగా నిలబడ్డ తోటి ఆటగాడు) చాటునుంచి బయటపడగానే షాట్. అలాంటి ఆటకి 12 తక్కువేం కాదు. 1970, 73 టైటిళ్లు అలా వచ్చినవే.

లెక్కలమాస్టారు:
1965లో కాలేజీ టోర్నీ చివరి నాలుగు జట్ల దశ, అదే ఫైనల్ ఫోర్‌లో, మూడో స్థానం కోసం విచితా స్టేట్ మీద 58 కొట్టాడు. 29 షాట్లకు 22, ఫ్రీ త్రోలు 15కి 14. అప్పుడు మూడు పాయింట్ల గీతే లేదు, ఎంత దూరం నుంచి వేసినా రెండే. పైగా మొదటి ఏడాది విద్యార్థుల్ని ప్రధాన జట్టులో ఆడనిచ్చేవారు కాదు, కాబట్టి ఆ 2,503 మూడు సీజన్లవే.

కొత్తచేతులు:
ఆయన సాధన ఎలా ఉండేదో ఎవరైనా రాస్తారా? మా పిల్లలకి చేయిద్దామని.

రిమ్‌కింద:
ఒకచోట నిలబడి వరసగా 13 షాట్లు, పది పడాలి. నాలుగోసారి తప్పితే మళ్లీ ఒకటి నుంచి. పది పడ్డాకే తర్వాతి చోటు. అందరూ చేసే పొరపాటు: పడ్డవే లెక్కపెట్టి తప్పినవి వదిలేస్తారు, అప్పుడు 25 వేసైనా పది పూర్తవుతాయి. షాట్లన్నీ రిమ్ (బుట్ట ఇనుప చట్రం) ముందు అంచుకే తగులుతుంటే చేతిని సరిదిద్దకండి, కాళ్లు అలిసిపోయాయని అర్థం.
డ్రిబ్లింగ్‌కి కుర్చీలు వరసగా పెట్టి, కళ్లద్దాల కింది అంచుకి అట్టముక్క అంటించుకునేవాడు, బంతి కనపడకుండా. బూట్లలో సీసం ముక్కలు కూడా వేసుకునేవాడు కానీ అది పిల్లలకి వద్దు, మోకాళ్లు పోతాయి.
ఫలితం కావాలా? ఒక స్కూలు జిమ్‌లో వరసగా షాట్లు తప్పుతుంటే, రిమ్ అంగుళంన్నర కిందికుందన్నాడు. తర్వాత కొలిస్తే, ఉండాల్సిన 10 అడుగులకి అంగుళం పైచిలుకు తక్కువే ఉంది.

పన్నులాయన:
ఆట మానేశాక ఈయన అమెరికా సెనేటర్ అయ్యాడు, ఆ సంగతి నేను రాస్తా. ప్రిన్స్‌టన్‌కీ నిక్స్‌కీ మధ్యలో ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్స్ స్కాలర్‌షిప్ చదువు, అక్కడుంటూనే మిలాన్ జట్టుతో యూరప్ కప్పు. న్యూజెర్సీ సెనేటర్‌గా 1979 నుంచి 97 దాకా. 1982లో ప్రతినిధుల సభ సభ్యుడు గెఫార్ట్‌తో కలిసి పెట్టిన పన్నుల బిల్లు సూత్రం ఒక్కటే: మినహాయింపులు కొట్టెయ్యి, రేట్లు తగ్గించు. 14, 26, 30 శాతం చాలన్నారు. 1986 చట్టంలో గరిష్ఠ రేటు 50 నుంచి 28కి దిగింది, పన్ను ఎగ్గొట్టే దొడ్డిదారులు చాలా మూతపడ్డాయి. అంత చేసినా 1990 సెనేట్ ఎన్నికలో క్రిస్టీన్ విట్‌మన్ చేతిలో ఓడిపోవాల్సింది, కొద్దిలో బయటపడ్డాడు. 2000లో అల్ గోర్ మీద డెమొక్రాటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వానికి దిగి ఓడాక ఎన్నికల జోలికి పోలేదు, పెట్టుబడుల సంస్థలో చేరాడు.

గోదారిగట్టు:
మరి నిక్స్‌లో ఆయన వేసుకున్న 24 నంబరు చొక్కా?

లెక్కలమాస్టారు:
1984లో నిక్స్ వాళ్లు అటకెక్కించారు, మంచి అర్థంలోనే లెండి: గౌరవంగా ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వరు. అప్పటికి ఆయన సెనేటరే.