అప్‌డేట్: మా కళా సంఘం మ్యూజియం యాత్ర

మా కళా సంఘం సభ్యుల్లో పెద్దవాళ్లే ఎక్కువ, వాళ్లను మ్యూజియానికి తీసుకెళ్తే అలసిపోకుండా ఎలా చూడాలని మొన్న అడిగాను కదా. వెళ్లొచ్చాం. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.

అన్నిటికన్నా పనికొచ్చింది, "అంతా చూపించాలనుకోకండి, ఒక్క గ్యాలరీ చాలు" అన్న మాట. మేం పాత వస్త్రాల గ్యాలరీ ఎంచుకున్నాం. లోపల మసకగా ఉందని మొదట కొందరు విసుక్కున్నారు. వెలుతురు పడేకొద్దీ అద్దకం రంగులు వెలిసిపోతాయని, పోయిన రంగు మళ్లీ రాదని, అందుకే బట్టల మీద, కాగితం మీద కాంతిని 50 లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్) దగ్గరే ఉంచుతారని గైడ్ చెప్పారు. అది విన్నాక ఒక పెద్దావిడ అద్దాల పెట్టె మీదికి వంగి, లోపలి బట్ట అంచు కాస్త మడతపడిన చోటు మాకు చూపించారు. మడత లోపల చిక్కటి ఎరుపు, పైన అదే రంగు లేత గులాబీ! అక్కడి నుంచి ఎవరూ కదల్లేదు.

బస్సు, టికెట్ల విషయంలో టెన్షన్ లేదు, గ్రూప్ బుకింగ్ ముందే అయిపోయింది. మడత కుర్చీలు ఇస్తారేమో మాత్రం తప్పకుండా అడగండి. కూర్చుని చూసినవాళ్లే ఎక్కువ ప్రశ్నలు వేశారు.

వినికిడి తక్కువున్నవాళ్లకు మాత్రం గైడ్ మాటలు సరిగా అందలేదు. అది నాకు బాధగానే ఉంది. వచ్చేసారి నాటకానికి వెళ్తున్నాం, ముందు వరుస సీట్లు వాళ్లకే.