బ్యాండ్లు తీస్తే మునిగిపోతోంది, పాపకి తేలడం నేర్పడానికి అసలు ఏం వాడాలి?

బుడుంగుపిట్ట

అందరికీ నమస్కారం. మా పాపకి ఆరేళ్లు. ఏడాదిగా చేతులకి గాలి ఊదే బ్యాండ్లు తొడిగి పూల్‌లో దింపుతున్నాం. అవి ఉన్నంతసేపు చేపపిల్లే, ఈ చివర నుంచి ఆ చివరకి కాళ్లు తొక్కుకుంటూ వెళ్లిపోతుంది, ఇక చాలు పైకి రామ్మా అంటే వినదు. బ్యాండ్లు తీస్తే మాత్రం ఒక్క క్షణం ఉండదు, నా మెడ పట్టుకుని తల మీదికి పాకేస్తుంది.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, పోయిన వారం గట్టు మీద కూర్చోబెట్టి బ్యాండ్లు తీశాను. తువ్వాలు అందుకోవడానికి ఇలా తిరిగానో లేదో మళ్లీ నీళ్లలోకి దూకేసింది. చేతులకి ఏమీ లేవన్న సంగతే దానికి గుర్తు లేదు. నాకు నడుం లోతే కాబట్టి వెంటనే దిగి ఎత్తేశాను. కానీ ఆ రెండు మూడు సెకన్లలో నీళ్ల కింద దాని ముఖం చూశాను. కళ్లు పెద్దవి చేసుకుని పైకి చూస్తోంది, రెండు చేతులూ పక్కలకి చాపి నీటిని కిందికి నొక్కుతోంది, చిన్న చప్పుడు కూడా లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు.

బ్యాండ్లు మానేద్దామనుకుంటున్నాను. నూడిల్ అనే పొడవాటి ఫోమ్ గొట్టం, కిక్‌బోర్డ్ అనే చేత్తో పట్టుకునే ఫోమ్ పలక, నడుముకి కట్టే బెల్ట్, చొక్కాలా వేసే వెస్ట్, ఇన్ని ఉన్నాయి, ఏది దేనికో తెలియడం లేదు. ఒకరు లైఫ్ జాకెట్టే వేసి నేర్పమన్నారు. నాకూ ఈత రాదు, అది కూడా చెప్పాలి. దయచేసి తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

గట్టుమీదికోచ్

పద్నాలుగేళ్లుగా కొత్తవాళ్లకే నేర్పుతున్నానండి. పాప చేతులు పక్కలకి చాపి కిందికి నొక్కింది అన్నారు కదా, మీ ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. బ్యాండ్లు భుజాల దగ్గర పట్టి ఒంటిని పైకి లాగుతాయి. తల బయట, కాళ్లు కింద, పిల్ల నిలువుగా వేలాడుతూ సైకిల్ తొక్కినట్టు తొక్కుతుంది. ఏడాదిగా తను సాధన చేసింది ఆ నిలువు తొక్కుడే. నీళ్లలో పడగానే ఒళ్లు తనకి తెలిసిన పనే చేసింది, ఈసారి పట్టుకునే బ్యాండ్లు లేవు.

తేలడం ఎలా జరుగుతుందో కాస్త చెప్తాను, ఏం కొనాలో మీకే తెలిసిపోతుంది. మనిషి ఒళ్లు ఇంచుమించు నీళ్లంత బరువే. ఊపిరి నిండా పీలిస్తే నీళ్ల కన్నా కాస్త తేలిక, పూర్తిగా వదిలేస్తే చాలామందిలో కాస్త బరువు. లోపలికి పీల్చిన ప్రతి లీటరు గాలీ దాదాపు కిలో బరువుని మోస్తుంది. పుట్టుకతో వచ్చిన బెండు ఛాతీలోనే ఉందన్నమాట. అయితే తేలించేది ఛాతీ దగ్గర, బరువేమో నడుము దగ్గర, అందుకే కాళ్లు కిందికి దిగుతాయి. తల ఎత్తితే మరీ దిగుతాయి, పెద్దవాళ్ల తల నాలుగైదు కిలోలుంటుంది, దాన్ని నీటి బయట నిలబెడితే ఆ బరువు మిగతా ఒంటి మీద పడుతుంది. చెవులు మునిగేదాకా తల నీళ్ల మీద వదిలేస్తే నడుం దానంతటదే పైకొస్తుంది. పిల్లలు భయపడేది సరిగ్గా ఆ తల వదిలే దగ్గరే.

అందుకే ఏ వస్తువు చూసినా నేను రెండే ప్రశ్నలు వేసుకుంటాను. ఇది పెట్టుకుని పిల్ల నీళ్ల మీద పడుకోగలదా? దీన్ని కొంచెం కొంచెంగా తగ్గించవచ్చా? బ్యాండ్లు మొదటిదాంట్లోనే పోతాయి. రెండోదాంట్లోనూ అంతే, గాలి సగం తీస్తే అవి చేతి మీంచి జారిపోతాయి.

నడుముకి కట్టే ఫోమ్ బెల్ట్ మంచిది. దానికి నాలుగైదు ఫోమ్ ముక్కలు దూర్చి ఉంటాయి, ముక్కలు వీపు వైపు ఉండేలా కడతాం. బోర్లా పడుకుంటే నడుముని పైకి పట్టి ఉంచుతుంది, చేతులు ఖాళీగా ఉంటాయి, ముఖం నీళ్లలో పెట్టడానికి అడ్డం రాదు. వారానికో రెండు వారాలకో ఒక ముక్క తీసేయండి. మొదటి ముక్క తీసిన సంగతి చాలామంది పిల్లలు గమనించరు కూడా. ఒకటే జాగ్రత్త, వీపున ఫోమ్ ఉంది కాబట్టి అది పిల్లని ముందుకి బోర్లా తిప్పే అవకాశం ఉంది, మీ చెయ్యి అందే దూరంలో లేకుండా వాడకూడదు.

వెల్లకిలా తేలడానికి మాత్రం బెల్ట్ తీసేసి నూడిల్ ఇవ్వండి. వీపు వెనక నుంచి తెచ్చి రెండు చంకల కిందా పెట్టాలి. పిల్ల దాన్ని ఎంత గట్టిగా పిసుకుతోందో చూస్తూ ఉండండి, వేళ్లు తెల్లబడేలా పట్టుకుందంటే ఇంకా భయం ఉన్నట్టే, అప్పుడు ముందుకెళ్లొద్దు. మీ అరచెయ్యి తల కింద ఉంచండి. తర్వాత నాలుగు వేళ్లు, తర్వాత రెండు, చివరికి ఒక్క వేలు. ఆ ఒక్క వేలు ఏ బరువూ మొయ్యదు, అయినా పిల్లలకి అది చాలు.

కిక్‌బోర్డ్ ఇప్పుడే వద్దు. తేలడం రాని పిల్లకి ఇస్తే మోచేతులు దాని మీద మోపి తల ఎత్తుతుంది, నడుం వంగి కాళ్లు మళ్లీ కిందికే వెళ్తాయి. ముఖం నీళ్లలో పెట్టి బుడగలు వదలడం వచ్చాక ఇవ్వండి, బాగా పనికొస్తుంది.

ఇంకో మాట, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఏ బెండూ కట్టకముందు నిలబడటం నేర్పండి. తేలుతున్న స్థితి నుంచి మళ్లీ కాళ్ల మీదికి రావడం తెలియకే పిల్లలు మెడ పట్టుకుని పాకుతారు. వెల్లకిలా ఉంటే మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, గడ్డం ముందుకి తెచ్చి, చేతులతో నీటిని ముందుకి లాగితే కూర్చున్నట్టు అవుతుంది, అప్పుడు పాదాలు దించాలి. బోర్లా ఉంటే మోకాళ్లు ముడిచి, రెండు చేతులూ కిందికి నొక్కి, ఆ తర్వాత తల ఎత్తాలి. తన ఛాతీ దాటని లోతులో రోజూ పదిసార్లు ఇదే చేయించండి.

నలభైఒకటిలోఈత

పెద్దవాళ్ల వైపు నుంచి నేను చెప్తాను, ఎందుకంటే మీకూ ఈత రాదన్నారు. నేను నలభై ఒకటో ఏట నేర్చుకున్నాను, అంతకుముందు ముఖం కడుక్కునేటప్పుడు ముక్కులోకి నీళ్లు పోయినా కంగారు పడేదాన్ని.

నాకు తలుపు తెరిచింది పుల్ బాయ్. ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ఫోమ్ ముక్క, తొడల మధ్య పెట్టుకుంటారు. అది నడుముని, కాళ్లని పైకి తేల్చేస్తుంది. గట్టు పట్టుకుని, ఊపిరి నిండా పీల్చి, ముఖం నీళ్లలో పెట్టి, ఒక్కో చెయ్యీ వదిలాను. మునగలేదు! నలభై ఏళ్లుగా నన్ను లాగేస్తాయనుకున్న నీళ్లే కింద నుంచి మోస్తున్నట్టు అనిపించింది, ఇది వాడినవాళ్లకి తెలుస్తుంది, మాటల్లో చెప్పడం కష్టం. ఒక హెచ్చరిక, అది తొడల మధ్య ఉండగా నిలబడబోతే కాళ్లు కిందికి రావు, టెన్షన్ వచ్చేస్తుంది. ముందు కాళ్లు విడదీసి దాన్ని వదిలేయాలి, ఆ తర్వాత మోకాళ్లు ముడవాలి. చిన్నపిల్లలకి ఇది వద్దు.

వెల్లకిలా తేలేటప్పుడు నాకు అడ్డుపడింది చెవులు. నీళ్లు చెవుల్లోకి వెళ్లగానే బయటి శబ్దాలన్నీ ఆగిపోతాయి, మన ఊపిరి మనకే పెద్దగా వినిపిస్తుంది, కోచ్ మాట వినపడదు. ఆ నిశ్శబ్దానికే లేచిపోయేదాన్ని. తర్వాత కోచ్ ముందే చెప్పేవారు, "నీ తల కింద నా చెయ్యి రెండుసార్లు తట్టిందంటే నిలబడు" అని. అంతే, వినపడకపోయినా భయం పోయింది. మీ పాపకి కూడా ఇలాంటి గుర్తు ఒకటి పెట్టుకోండి. కాళ్లు కొంచెం దిగినా ఫరవాలేదు, ముక్కూ నోరూ బయట ఉంటే తేలుతున్నట్టే. రెండు చేతులూ తల వెనక్కి చాపితే బరువు కాస్త తల వైపు జరిగి కాళ్లు ఇంకొంచెం లేస్తాయి.

ముగ్గురిఅమ్మ

నేను కొంచెం వేరేగా చెప్తాను, కోచ్ గారు ఏమీ అనుకోవద్దు. ముగ్గురు పిల్లలతో ఒక్కదాన్నే పూల్‌కి వెళ్తాను, నాకున్నవి రెండు చేతులే. బ్యాండ్లు లేకపోతే ముగ్గురినీ నీళ్లలో దింపడమే కుదరదు. బ్యాండ్లతో ఆడుకున్నందువల్లే మా పెద్దవాడికి నీళ్లంటే ఇష్టం వచ్చింది, ఆ ఇష్టం లేకపోతే క్లాసుకి వచ్చేవాడు కూడా కాదు. ఈ తల్లి మనసులో ఏడాదంతా పాడుచేశానన్న బాధ పెట్టకండి. మేం చేసింది ఏమిటంటే, వెళ్లగానే మొదటి పది నిమిషాలు ఏమీ లేకుండా, ఒక్కొక్కరితో మెట్ల దగ్గర, మిగతా ఇద్దరూ గట్టు మీద. ఆ తర్వాతే బ్యాండ్లు, ఆట. పది నిమిషాలు పదిహేనయ్యాయి, ఇరవై అయ్యాయి, ఇప్పుడు ఇద్దరు బ్యాండ్లు అడగడమే మానేశారు.

గట్టుమీదికోచ్

మీ మాటలో న్యాయం ఉందమ్మా. ఏమీ లేకుండా ముందు, ఆట తర్వాత, ఆ వరస చాలా మంచిది, అలసిపోక ముందే నేర్చుకుంటారు. బుడుంగుపిట్ట గారూ, పాపకి నీళ్లంటే ఇష్టం ఉంది, సగం పని అయిపోయినట్టే, బాధపడకండి. ఆట సమయంలోనైనా బ్యాండ్లకి బదులు బెల్ట్ ఉంటే మేలు అనే నా అభిప్రాయం మాత్రం మారదు.

లోతుకాపలా

పూల్ దగ్గర కాపలా ఉద్యోగం నాది. ఇక్కడ నేర్పే సంగతి బాగా చెప్పారు, నేను ప్రాణం సంగతి చెప్తాను.

పాప నీళ్ల కింద చప్పుడు చేయలేదన్నారు కదా. మునిగేవాళ్లు అరవరు, చెయ్యి ఊపరు. నోరు పైకొచ్చిన కాస్త సేపూ ఊపిరి పీల్చడానికే సరిపోదు, ఇక అరుపు ఎక్కడి నుంచి వస్తుంది. చేతులు వాటంతటవే పక్కలకి చాచుకుని నీటిని నొక్కుతాయి. దూరం నుంచి చూస్తే ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ఫోన్ చూస్తూ చెవి అటు వేసి ఉంచితే సరిపోదు. ఐదారేళ్ల పిల్లలతో మీ చెయ్యి చాపితే తగిలే దూరంలో ఉండాలి, బెల్ట్ ఉన్నా, నూడిల్ ఉన్నా, కోచ్ ఉన్నా.

ఈత నేర్పే వస్తువు వేరు, ప్రాణం కాపాడే వస్తువు వేరు. నేర్పడానికి వాడే బెల్టులకి, బ్యాండ్లకి, నూడిల్‌లాంటి పట్టుకునేవాటికి యూరప్‌లో ఈఎన్ 13138 అనే ప్రమాణం ఉంది. లైఫ్ జాకెట్లకి ఐఎస్ఓ 12402. న్యూటన్లంటే తేల్చే బలానికి కొలత. అందులో 50 న్యూటన్లది ఈత వచ్చినవాళ్లకి, పక్కన సాయం ఉన్నచోట వాడేది, స్పృహ తప్పితే ముఖం పైకి తిప్పదు. ముఖాన్ని పైకి తిప్పడం కోసం తయారుచేసేవి 100 న్యూటన్లు, ఆ పైనవి. పడవ ఎక్కినా, చెరువులో, సముద్రంలో దిగినా పాపకి బరువుకి సరిపోయిన జాకెట్ వేయండి, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా బిగించండి, లేకపోతే జాకెట్ చెవుల దాకా లేచిపోతుంది. క్లాసుకి మాత్రం జాకెట్ వద్దు, అది చేసే పనే బోర్లా పడుకోనివ్వకపోవడం, ఈత ఎలా వస్తుంది.

గాలి ఊదే రింగులు బొమ్మలు, అంతే. పిల్ల కాస్త ముందుకి వంగితే తల్లకిందులవుతుంది, కాళ్లు రింగులో ఇరుక్కుని తనంతట తను తిరగలేదు. కూర్చోబెట్టే రింగులైతే ఇంకా భయం. పసిపిల్లల మెడకి తొడిగే రింగుల గురించి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లోనే హెచ్చరించింది, ఎవరింట్లోనైనా ఉంటే వాడకండి.

ఇంకోటి, బ్యాండ్లు తీసే చోటు మార్చండి. గట్టు అంచున కాకుండా నీటికి దూరంగా తీసుకెళ్లి తీయండి. మీ పాపలా దూకిన పిల్లల్ని నేను చూశాను.

బుడుంగుపిట్ట

అందరికీ చాలా చాలా థాంక్స్. మీరు రాసినవి రెండుసార్లు చదివి నిన్న పూల్‌కి వెళ్లాం. కోచ్ గారు చెప్పినట్టు మొదట నిలబడటమే. పాప ఆట అనుకుంది, మోకాళ్లు ముడవడం, కూర్చోవడం, నిలబడటం. పదిసార్లన్నారు, తనే ఇరవై చేసింది. తర్వాత నూడిల్ వెనక నుంచి పెట్టి నా అరచెయ్యి తల కింద ఉంచాను. తట్టే గుర్తు పెట్టుకున్నాం. చెవులు మునగగానే రెండుసార్లు లేచిపోయింది. మూడోసారి కళ్లు మూసుకుంది, మెడ మెత్తబడింది, నా చేతికి తల బరువు తెలిసింది, అప్పటిదాకా ఆ తల నా చేతిలో లేదు అసలు. మూడు సెకన్లుంటుందేమో. నేను కూడా నా వంతు ప్రయత్నించాను, మా ఆయన చెయ్యి పెట్టారు, పాప నా చెవిలో "అమ్మా తట్టమంటావా" అని అడుగుతోంది.

ఇప్పుడు వేళ్లు తగ్గించాలా, నూడిల్ తీయాలా, ఏది ముందు?

గట్టుమీదికోచ్

ముందు చెయ్యి, ఆ తర్వాత నూడిల్. మెడ మెత్తబడింది అన్నారు కదా, అదే గుర్తు. ఆ మూడు సెకన్లు పదయ్యేదాకా ఏదీ తీయకండి. పది అయ్యాక నాలుగు వేళ్లకి రండి. ఒక్క వేలి దాకా వచ్చాక నూడిల్‌ని చంకల కింద నుంచి తీసి, రెండు చేతులతో పొట్ట మీద పట్టుకోమనండి, పట్టు వదులైనప్పుడు తనే వదిలేస్తుంది, మీరు లాగొద్దు. నీళ్లు చల్లగా ఉన్న రోజు కొత్తది ఏదీ మొదలుపెట్టకండి, వణికే పిల్ల ఒళ్లు వదలలేదు. మీరు కూడా ఆపకండి, అమ్మ తేలడం చూసిన పిల్ల త్వరగా తేలుతుంది, నా దగ్గర చాలాసార్లు అలాగే జరిగింది.