రిజర్వాయర్ పక్కన అడవి బాటలో అమ్మతో, పిల్లాడితో నడక: రెండు గంటలు సరిపోతాయా?

ఆదివారం నడక:
వచ్చే ఆదివారం ఒక రిజర్వాయర్ చుట్టూ ఉన్న అడవిలో నడుద్దామని ప్లాన్. నేను, అమ్మ (62 ఏళ్లు, దిగేటప్పుడు మోకాలు పట్టేస్తుంది), మా 8 ఏళ్ల వాడు. మ్యాప్‌లో చూస్తే చుట్టూ ఒక రౌండు 8 కిలోమీటర్లు వచ్చింది, నీళ్ల పక్కనే కాబట్టి ఎత్తుపల్లాలు ఉండవనుకుంటున్నా. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడితే ఐదుకల్లా బయటపడతామా? నాకూ పెద్దగా అలవాటు లేదు, కాబట్టి చిన్న విషయమైనా సరే చెప్పండి.

పాతబూట్లు:
ముందు ఆ 8 ఎలా కొలిచారో చెప్పండి. నీళ్ల చుట్టూ వేలితో గుండ్రంగా గీసుంటే మాత్రం అది తప్పు లెక్కే. లోయకి అడ్డంగా కట్ట వేస్తే నీళ్లు అందులో కలిసే ప్రతి వాగులోకీ ఎగదన్నుతాయి, అందుకే అంచు అంతా వంకరటింకరగా ఉంటుంది. నేనూ ఇలాగే 7 అనుకుని వెళ్లా, ఇంటికొచ్చి ఫోన్ చూస్తే 13. ఒకచోట అవతలి గట్టు మీద మనుషులు మాట్లాడుకునేది కూడా వినిపిస్తోంది, కానీ అక్కడికి చేరడానికి వాగు పొడవునా లోపలికి పోయి, దాటి, మళ్లీ వెనక్కి రావడానికి ముప్పావు గంట పట్టింది.

ఎత్తుపల్లాల సంగతీ అంతే. నీటి అంచు ఒకే ఎత్తులో ఉంటుంది, నిజమే, కానీ బాట ఆ అంచునే పోదు కదా. నీటిమట్టం పెరిగినా మునగకుండా కాస్త పైన ఉంటుంది, వాగు వచ్చినప్పుడల్లా దిగి ఎక్కాలి. ఒక్కోటీ చిన్నదే, కానీ అలాంటివి పది దాటాక మోకాలికి తెలుస్తుంది.

టైముకి నెయిస్మిత్ అనే ఆయన 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడతారు: 5 కిలోమీటర్లకి గంట, ఎక్కిన ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. అది గట్టిగా నడిచేవాళ్లు ఎక్కడా ఆగకుండా పోతే. మీ ముగ్గురికీ నేనైతే గంటకి 3 కంటే ఎక్కువ వేసుకోను, ఆగే టైము దానికి అదనం. అంటే నిజంగా 8 అయినా మూడు గంటల పైమాటే.

నిదానమే:
పైన చెప్పింది కరెక్ట్. నా సలహా ఒక్కటే, రౌండు వద్దు. రౌండులో సగానికి చేరాక అమ్మకి నొప్పి వస్తే ముందుకెళ్లినా వెనక్కెళ్లినా ఒకటే దూరం, అప్పుడు పడే టెన్షన్ మామూలుగా ఉండదు. పైగా రౌండు పూర్తవ్వాలంటే డ్యామ్ కట్ట మీదుగా దాటాల్సి రావచ్చు, చాలాచోట్ల అటు జనాన్ని వదలరు. గేటు దాకా వెళ్లి తాళం చూసి వెనక్కి తిరగడం కంటే విసుగు ఇంకోటి లేదు (నాకు రెండుసార్లు అయింది, రెండోసారి తప్పు పూర్తిగా నాదే).

వెళ్లిన దారినే తిరిగి రండి. ఎన్ని కిలోమీటర్లని కాదు, ఎన్నింటికి వెనక్కి తిరగాలో ముందే అనుకోండి, ఆ టైమైతే ఎంత బాగున్నా తిరిగేయండి. మూడింటికి మొదలుపెట్టడం మానేసి పొద్దున్నే వెళ్లండి. చెట్ల కింద సూర్యాస్తమయానికి చాలా ముందే మసకపడుతుంది, అడ్డంగా ఉన్న వేళ్లు కనిపించవు.

అమ్మకి చేతికర్ర తప్పనిసరి. నిలబడి పట్టుకుంటే మోచేయి లంబకోణంలో ఉండాలి, దిగేటప్పుడు కొంచెం పొడుగు చేసుకోవాలి. మోకాలి మీద భారం పడేది ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే.

గట్టుమీద:
పిల్లాడి గురించి ఎవరూ చెప్పలేదు. నీళ్లు తగ్గినప్పుడు అంచున చెట్లు లేని మట్టిపట్టీ ఒకటి బయటపడుతుంది. పైన ఎండి నెర్రెలు విచ్చి గట్టిగా కనిపిస్తుంది, రెండడుగులు వేస్తే కింద బురద. మావాడి షూ ఒకటి అందులోనే ఉండిపోయింది. పిక్క దాకా దిగిన కాలు లాగితే సాక్సుతో వచ్చింది, షూ రాలేదు, మిగతా దారంతా భుజం మీద మోశా.

ఇంకోటి, నీళ్ల మీద ఆకుపచ్చ పెయింట్ ఒలికినట్టు తెట్టె కనిపిస్తే ముట్టుకోనివ్వకండి. కొన్నిరకాల నాచు విషం విడుదల చేస్తుంది, మరిగించినా పోదు. కాబట్టి తాగే నీళ్లు ఇంటి నుంచే, మనిషికి గంటకి అర లీటరు చొప్పున. డ్యామ్‌కి దిగువన నది ఎండినట్టున్నా అందులోకి దిగొద్దు, గేట్లు ఎత్తితే నీళ్లు చూస్తుండగానే వచ్చేస్తాయి.

ఆదివారం నడక:
అందరికీ థ్యాంక్సండీ. ఇప్పుడే అంచు వెంబడి వంపులన్నీ పట్టుకుని మళ్లీ కొలిచా, 12 దాటింది! రౌండు క్యాన్సిల్. పొద్దున ఏడింటికి మొదలు, ఎనిమిదిన్నరకి ఎక్కడున్నా వెనక్కి. మ్యాప్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసేశా. ఒక్క డౌటు, మావాడు నీళ్లు ముట్టుకోకుండా రాడు, ఎక్కడైతే పర్వాలేదు?

గట్టుమీద:
రాతినేల ఉండి, నీటి అడుగు కనిపించేచోట, మీరు చెయ్యి పట్టుకుని. రాయి తడిగా ఉంటే అదీ వద్దు. ఒక జత సాక్సులు ఎక్స్‌ట్రా పెట్టుకోండి, ఎలాగూ తడుపుతాడు.